జవాబు నేను చెప్పుకోకూడని పద్యం

ముందే చెప్పేస్తున్నాను, నేను లేచి నిలబడ్డాను. నిలబడిందా లేదా అని చివరిదాకా మిమ్మల్ని ఊరించడం నాకు ఇష్టం లేదు. ఆ ఊరింపు ఎలా ఉంటుందో ఒక ఏడాది పాటు అనుభవించిన మనిషిని. ఫిజియోథెరపీ గది బయట కూర్చుని, లోపలికి చక్రాల కుర్చీలో పోయిన మనిషి ఎలా బయటికి వస్తుందా అని చూసేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. సగం నా కోసం కూడా. రాస్తే కాళ్ళకింద నేల ఇంకాస్త గట్టిపడుతుందని ఆశ.

నా పేరు సునంద. బస్సు కండక్టర్ని. తాండూరు నుంచి వికారాబాదు, తాండూరు నుంచి బషీరాబాదు, ఏ రూట్ వేస్తే ఆ రూట్. మా ఆయన యాదయ్య బండలు పాలిష్ పట్టే యూనిట్లో పనిచేస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల దాకా తెల్లగా ఉంటాడు. మాకు ఒక్కతే బిడ్డ, కీర్తన, ఇంటర్ చదువుతోంది.

నీకు ఇష్టమైన పద్యం ఏది అని బళ్ళో ఎప్పుడో సారు అడిగితే అందరూ పుస్తకంలోవి చెప్పారు. నేను మా నాయిన కట్టింది చెప్పాను. సారు నవ్వి, అది పద్యం కాదు, కూలిపాట అన్నాడు. ఆయన ఏమన్నా సరే, నాకు అదే పద్యం. మా నాయిన సాయన్న యాలాల్ దిక్కు బండల గనిలో పనిచేసేవాడు. క్రేన్లు, మిషన్లు రాకముందు పెద్ద పెద్ద బండల్ని మనుషులే గడ్డపారలతో లేపి, భుజాల మీదికి ఎత్తుకునేవారు. ఒకడు పాట చెప్పాలి, మిగతావాళ్ళు ఎత్తాలి. చెప్పేవాడు మా నాయిన.

కాళ్ళు నేలకప్పజెప్పు, కండ్లు బండకప్పజెప్పు
ఊపిరంత లోన నింపు, ఉన్న భయం ఊడ్చి పంపు
నిన్న గుట్ట మోసినోళ్ళం, నేడు బండ మోయలేమ
బండ బరువు బండదైతె, మన బలము ఎవ్వరిదిర

అప్పుడు అందరూ కలిసి 'మనదిర' అనేవారు. ఆ మాట మీదే బండ లేచేది. నేను చిన్నప్పుడు సద్ది తీసుకుపోయి గని ఒడ్డున కూర్చునేదాన్ని. ఒక్కోరోజు అదే పాట మళ్ళీ మళ్ళీ పాడేవారు, బండ మాత్రం లేచేది కాదు. వీళ్ళకి పాటల మోజు పట్టింది, నా ఆకలి ఎవరికీ పట్టలేదు అని విసుక్కునేదాన్ని. ఎందుకలా పాడేవారో ఆలోచించే వయసు కాదు.

పెద్దయ్యాక ఆ పద్యం నా సొంతమైంది. పరీక్షకి, పెళ్ళికి, పురుటికి, కండక్టరుగా మొదటి రోజు కిక్కిరిసిన బస్సులో టిక్కెట్లు కొట్టడానికి, అన్నిటికీ మనసులో అదే చదువుకున్నాను. చివర 'మనదిర' అని కూడా నేనే అనుకునేదాన్ని. అనుకోగానే ఒంట్లోకి బలం వచ్చేది.

జూన్ చివర

వానలు మొదలైన రోజుల్లో నాలుగు రోజులు విరేచనాలయ్యాయి. తగ్గిపోయాయి, డ్యూటీకి పోయాను. ఆ తర్వాత వారంలో అరికాళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. కొత్త చెప్పుల వల్ల అనుకున్నాను. చెప్పులు మార్చాను, తిమ్మిరి మారలేదు. ధారూరు దగ్గర దిగే ఒక పెద్దమనిషికి చిల్లర ఇస్తుంటే నాణేలు వేళ్ళలోంచి జారిపోయాయి. ఏరుకుందామని వంగితే లేవడం రాలేదు. ఎవరో రెక్క పట్టి లేపారు.

దగ్గర్లోని డాక్టరు నీరసం అని టానిక్ రాసిచ్చాడు. రెండు రోజులకి మెట్లు ఎక్కలేకపోయాను. ఇంకో రెండు రోజులకి మంచం దిగలేకపోయాను. కీర్తనకి జడ వేద్దామని చేతులెత్తితే అవీ లేవలేదు. అది వెనక్కి తిరిగి చూసి, నా చేతులు నా ఒళ్ళోనే ఉండడం చూసి, "డాడీ" అని పిలిచిన పిలుపు ఇప్పటికీ చెవిలో ఉంది.

జూలై

హైదరాబాదులో పెద్దాసుపత్రి. జబ్బు పేరు జీబీఎస్ అన్నారు. ఒంట్లోని కాపలావాళ్ళే పొరబడి సొంత నరాల మీద పడతారట. అంతకుమించి నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే స్థితిలోనూ లేను. బలహీనత కాళ్ళ నుంచి నడుముకి, నడుము నుంచి రొమ్ముకి ఎక్కుతూ వచ్చింది. ఊపిరి పొట్టిదైపోయింది. మాట మధ్యలో ఆగి గాలి వెతుక్కోవాలి. ఐసీయూలో పెట్టి, ఊపిరికి గొట్టం వెయ్యాల్సి వస్తుందేమోనని గంటగంటకీ వచ్చి చూసేవారు.

భయపడ్డానా అంటే, చాలా భయపడ్డాను. సిగ్గేమీ లేదు చెప్పడానికి. కానీ భయంతో పాటు ఒళ్ళు మండింది కూడా. పదిహేనేళ్ళుగా కదిలే బస్సులో పట్టుకోకుండా నిలబడ్డ మనిషిని, నన్ను పడుకోబెడుతుందా ఈ పేరు తిరగని రోగం అని పట్టుదల. ఊపిరంత లోన నింపు, ఉన్న భయం ఊడ్చి పంపు. ఆ రెండో పాదాన్ని పట్టుకుని వేలాడాను. నింపు అన్నప్పుడు లోపలికి, పంపు అన్నప్పుడు బయటికి. గొట్టం అవసరం పడలేదు. ఇంజెక్షన్లు పనిచేశాయని డాక్టర్లు అన్నారు. కాదనను. వాటి పని అవి చేశాయి, పద్యం పని పద్యం చేసింది.

ఐసీయూ బయట యాదయ్య బెంచీ మీదే ఉండేవాడట. లోపలికి రానిచ్చినప్పుడు వచ్చి, నా కాలివేళ్ళు ఒక్కోటీ ముట్టుకుని పోయేవాడు. ఆయన మొదట్నుంచీ మాటకారి కాదు. నేను పది మాటలంటే ఆయన ఒకటి, అదీ అవసరమైతే. మా ఇంట్లో మాటలకి కొదవ రాకుండా నేనే చూసుకునేదాన్ని.

ఆగస్టు నుంచి దీపావళి దాకా

ఇంటికి తెచ్చారు. చేతుల్లోకి కొంచెం బలం వచ్చింది, కాళ్ళు మాత్రం నావి కావన్నట్టు పడున్నాయి. ఏడాది పట్టొచ్చు, కొందరికి పూర్తిగా రాదు కూడా అని డాక్టరు చెప్పాడు. ఆ రెండో ముక్క నేను వినలేదు, యాదయ్య విన్నాడు.

కండక్టర్ ఉద్యోగం అంటే నిలబడే ఉద్యోగం. బస్సు కదులుతుండగా, రెండు చేతులూ టిక్కెట్ల పనిలో ఉండగా నిలబడాలి. నిలబడలేకపోతే డిపోలో ఎక్కడో కూర్చోబెడతారు, లేదా ఇంటికి పంపుతారు. నాకు బస్సే కావాలి. మళ్ళీ బస్సులో పట్టుకోకుండా నిలబడాలి. అప్పుడు నాకున్న కోరిక అదొక్కటే.

మా అమ్మ బాలమ్మ ఊరి నుంచి వచ్చి మా దగ్గరే ఉండిపోయింది. వారానికి రెండుసార్లు వికారాబాదులో ఫిజియో మేడం దగ్గరికి. హైదరాబాదు డాక్టరు ఆమె పేరే రాసిచ్చాడు. మొదటిసారి బస్సులోనే పోయాం. యాదయ్య నన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లెక్కించాడు. నేను ఎందర్ని "జల్ది ఎక్కండి, జరుగుండ్రి" అని అదిలించానో ఆ మెట్ల మీదే, కందుల మూటలా నన్ను ఎక్కించారు. డ్యూటీలో ఉన్నది మా లక్ష్మి. నాతోపాటే ఉద్యోగంలో చేరిన మనిషి. అది నా మొహం చూసి, ఏమీ పలకరించకుండా, అందరు ఆడవాళ్ళకి ఇచ్చినట్టే డబ్బుల్లేని జీరో టికెట్ చింపి నా చేతికిచ్చింది. వేళ్ళు సరిగా మూసుకునేదాకా ఆగి మరీ ఇచ్చింది. అయ్యో పాపం అని ఉంటే ఏడ్చేసేదాన్ని. అనలేదు. ఆ పుణ్యం ఊరికే పోదు.

ఫిజియో మేడం గది బయట మా తాండూరు బండలతో కట్టిన అరుగు. దాని మీద కూర్చున్న మనుషులందరికీ ఏదో ఒకటి లేవదు, ఒకరికి చెయ్యి, ఒకరికి మాట. ఒకరోజు నా పైట జారింది. సర్దుకుందామంటే చెయ్యి అంత ఎత్తుకి రావడం లేదు. యాదయ్య మందులకి పోయాడు. నేను కిందికి చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా బురఖాలో ఉన్న ఒకామె లేచి వచ్చి, పైట సర్ది, పిన్నీసు పెట్టి, పోయి తన చోట కూర్చుంది. అమ్మా, నీ పేరేంటి అని అడగాలని తట్టేసరికి ఆమెని లోపలికి పిలిచారు. ఆ పిన్నీసు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మేడం చెప్పేది ఒకటే మాట. "బలవంతం చేయొద్దు సునందగారూ. అలిసిపోకముందే ఆపండి. ఒంటరిగా లేవొద్దు. పక్కన మనిషి ఉండాలి." నేను తల ఊపేదాన్ని. చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ అనుకునేదాన్ని మనసులో.

ఇంట్లో నా నోటికి అడ్డు లేకుండా పోయింది. అన్నం ముద్ద పెద్దదైతే కోపం, చిన్నదైతే కోపం. యాదయ్య స్నానం చేయిస్తుంటే, "నీళ్ళు చల్లగున్నయ్, నీకు తెలుస్తదా, నీ ఒంటి మీద పోసుకుంటున్నవా" అని అరిచాను. ఆయన నీళ్ళు మార్చి తెచ్చాడు. ఏమీ అనలేదు. ఆ అనకపోవడం నాకు ఇంకా ఎక్కేది.

దీపావళి ముందు మా పెద్ద ఆడబిడ్డ అంజమ్మ వదిన బషీరాబాదు నుంచి చూడ్డానికి వచ్చింది. వచ్చినప్పుడల్లా ఒక కొత్త వైద్యం చెప్పడం ఆమె అలవాటు. ఒకసారి పసరు, ఒకసారి తాయెత్తు, కన్నడ దేశంలో నరాలు లాగే మనిషి ఇంకోసారి. ఈసారి వైద్యం చెప్పలేదు. నేను గదిలో కళ్ళు మూసుకుని ఉన్నాను, నిద్రపోయాననుకుంది.

"యాదీ, ఇగ గామె లేస్తదని నాకైతే నమ్మకం లేదురా. వాళ్ళమ్మ ఎట్లాగూ ఉన్నది గద, ఆమెతోని ఊరికి పంపు. పిల్లను చదివించుకో. నీ ఒంట్ల సత్తువ ఉన్నప్పుడే నీ దారి నువ్వు చూసుకోవాలె. నేను చెడ్డగ చెప్తున్ననా?"

యాదయ్య ఏమంటాడా అని ఊపిరి బిగబట్టి విన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఐసీయూలో కూడా నాకు అంత గాలి తక్కువ కాలేదు.

నేనే అందుకున్నాను. పడుకున్న చోటి నుంచే గొంతు చించుకుని, "వదినా, నేను చెవిటిదాన్ని కాలే, కాళ్ళే పడ్డయి. వచ్చే ఏడు నీకు నేనే టికెట్ కొడ్త, రాసి పెట్టుకో" అన్నాను. వదిన గతుక్కుమంది. మాట అయితే గట్టిగానే అన్నాను. ఆ తర్వాత గోడవైపు తిరగడానికి కూడా మా అమ్మ సాయం పట్టింది.

కందులు కాయపట్టిన నెల

మర్నాడే అనుకున్నాను, ఎవడి సాయం లేకుండా లేచి చూపిస్తానని. అమ్మ పెరట్లో ఉంది. మిగతా ఇద్దరూ బయటికి పోయారు. మంచం పట్టె పట్టుకుని, కాళ్ళు కిందికి దింపి, పద్యం మొదలుపెట్టాను. కాళ్ళు నేలకప్పజెప్పు. గట్టిగానే చదివాను, పక్కింటివాళ్ళకి వినపడేలా. బండ బరువు బండదైతె మన బలము ఎవ్వరిదిర. మనదిర. లేచాను. నిజంగానే లేచాను, ఒక్క క్షణం కిటికీలోంచి వీధి కనబడింది. తర్వాత మోకాళ్ళు మడత పడ్డాయి. పడుతూ చెయ్యి ఆనించాను. మణికట్టు విరిగింది.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఏమిటో అప్పుడు తెలిసింది. చేతికి పట్టీ, ఆ చేత్తో పట్టుకుని చెయ్యాల్సిన వ్యాయామాలన్నీ ఆగిపోయాయి. మేడం తిట్టలేదు. "మళ్ళీ మొదట్నుంచి చేద్దాం" అంది. అదే నాకు తిట్టులా ఉంది. ఆ రోజు ఇంటికొచ్చాక పద్యం మీద కూడా కోపమొచ్చింది. అమ్మతో అన్నాను, "నాయిన పాట ఉత్తదే అమ్మా. గంత గట్టిగ పాడిన, పడ్డ."

అమ్మ కందికాయలు వలుస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది. "జవాబు ఎవరు చెప్పిండ్రు?"

"ఏం జవాబు?"

"మనదిర అని ఎవరన్నరు?"

"నేనే అన్న. ఇంక ఎవరున్నరు ఇంట్ల?"

అమ్మ చేతులు ఆగాయి. "నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది. మీ నాయిన ఎన్నడన్న జవాబు తనే చెప్పుకున్నడానే? పాట చెప్పినోడు జవాబు చెప్పొద్దు. గది మొదటి కట్టుబాటు. ఇగ రెండోది, జవాబుల ఒక్క గొంతు తక్కువున్నా బండ ముట్టొద్దు. ఎవని గొంతు సన్నగ వచ్చిందో వాని చెయ్యి కూడ సన్నగనే ఉంటది. వాడు ఏ జరంతోని వచ్చిండో, ఇంట్ల ఏం కొట్లాట అయిందో. గట్లనే ఎత్తితే బండ జారి ఎవని కాలి మీదనో పడ్తది. అందుకే మళ్ళ మొదటిసంది పాడుతుండె. ఎవని గొంతు తక్కువైందని అడుగకపోతుండె. అందరి గొంతు ఒక్కటైనదాంక పాడుడే."

నాకు గని ఒడ్డున ఆకలితో విసుక్కుంటూ కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. పాటల మోజు అనుకున్నాను. ఒక మనిషి కోసం ఆగుతున్నారని ఇన్నేళ్ళకి తెలిసింది. ఆ పద్యాన్ని అందరికంటే ఎక్కువగా ప్రేమించింది నేనే, దాన్ని సగమే నేర్చుకున్నదీ నేనే.

"నేను కూడ గని కాడ రాళ్ళు మోసిన బిడ్డా," అంది అమ్మ మళ్ళీ కాయలు అందుకుంటూ. "నువ్వు సద్ది తెచ్చినవ్, పాట యాదికి పెట్టుకున్నవ్. పని చూడలే."

సాయంత్రం యాదయ్య వచ్చాక, మొహం కూడా కడుక్కోకముందే అడిగాను. లోపల కుళ్ళబెట్టుకోవడం నా వల్ల కాదు.

"మీ అక్క అట్ల అన్ననాడు నువ్వెందుకు ఏమనలే?"

ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. దుమ్ములో కళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"ఏమనాలె? అనేలోపే నువ్వు అంటివి గద. పెండ్లయినకాడి నుంచి గంతే. నువ్వే అడుగుతవ్, నువ్వే జవాబు చెప్పుకుంటవ్. నాకు నోరు తెరిచే సందు ఎన్నడిచ్చినవ్? దవాఖానల అడుగుదామనుకున్న, నన్నిడిచి పోతవా అని. నువ్వు ఊపిరి గుంజుకుంటనే 'ఫికర్ చేయకు, నాకేం కాదు' అని చెప్పినవ్. ఇగ నేనేం అడగాలె?"

మా పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడ్డం నేను వినలేదు. కోపం రాలేదు నాకు, ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయన మొహం కడుక్కోవడానికి తెచ్చుకున్న తువ్వాలుతోనే నా మొహం తుడిచాడు. బండల దుమ్ము నా మొహానికీ అంటింది.

కందులు కోసే నెల

పట్టీ విప్పారు. మేడం నన్ను పరీక్షగా చూసి, "ఇక నిలబడడానికి ప్రయత్నించొచ్చు. నలుగురు ఉన్నప్పుడు, ఇంట్లోనే" అంది.

ఆదివారం పొద్దున్నే వాకిట్లో కుర్చీ వేశారు. ఎడమపక్క యాదయ్య, కుడిపక్క కీర్తన, వెనక అమ్మ. ఎవరూ నన్ను లేపకూడదు, పడితే పట్టుకోవాలి. నేను పద్యం చెప్పాలి, జవాబు వాళ్ళది. కీర్తన మొదట సిగ్గుపడింది. "అమ్మా, వీధిల అందరు చూస్తున్నరే" అంది. చూస్తే చూడనీ, టికెట్ పెట్టలేదు గదా అన్నాను.

చెప్పాను. చివరి పాదం దాకా వచ్చి ఆగాను. నాలుక చివర ఆ మాట ఉంది, పళ్ళు బిగించి ఆపాను.

"మనదిర."

అమ్మ గొంతు, కీర్తన గొంతు. యాదయ్య పెదవులు కదిలాయి, గొంతు రాలేదు.

"మళ్ళ," అంది అమ్మ.

మళ్ళీ చెప్పాను. ఈసారి ఆయన గొంతు వచ్చింది కానీ గొణుగుడు. అమ్మ మళ్ళ అంది. ఎదురింటి ముసలాయన అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. యాదయ్య మెడ ఎర్రబడింది. పది మందిలో నోరెత్తని మనిషికి అది ఎంత కష్టమో నాకు తెలుసు. మామూలుగా అయితే, పోనీలే నీకు రాదు అని నేనే అందుకునేదాన్ని. ఆ రోజు ఆయన కోసం ఆగాను. ఎన్నిసార్లయినా పాడతాను, ఆయన గొంతు లేకుండా మాత్రం లేవను అని కూర్చున్నాను.

మళ్ళీ మొదటి పాదం. కాళ్ళు నేలకి అప్పజెప్పాను. ఊపిరి నింపాను. అప్పుడు తెలిసింది, మా నాయిన ఎందుకు మూడు పాదాల పాటు ఎవర్నీ ఎత్తనివ్వలేదో. ఆ మూడూ సిద్ధం కావడానికే. నేను ఐదు నెలలుగా మొదటి పాదం దగ్గరే లేవాలని చూస్తున్నాను.

బండ బరువు బండదైతె, మన బలము ఎవ్వరిదిర.

"మనదిర."

ఈసారి వాకిలి అదిరింది. పాలిష్ మిషన్ చప్పుడులో కూడా వినపడే గొంతు ఆయనకి ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు. లేచాను. తొడలు వణికాయి, మడమలు మంటపెట్టాయి, కానీ మోకాళ్ళు మడత పడలేదు. ఎవరూ నన్ను పట్టుకోలేదు. యాదయ్య చేతులు నా నడుముకి జానెడు దూరంలో గాలిలో ఉన్నాయి. ఆయన కళ్ళు నా కాళ్ళ మీద ఉన్నాయి. కీర్తన ఏడుస్తూ నవ్వింది. ఎదురింటి ముసలాయన లోపలికి పోయి భార్యని పిలుచుకొచ్చాడు.

"ఇగ కూసో," అంది అమ్మ. "దించుడు కూడ ఎత్తుడంత పనే."

ఎండాకాలం

ఆ తర్వాతంతా మెల్లగా జరిగింది, రాస్తే విసుగు పుడుతుంది. పట్టుకుని నడిచే చట్రం, తర్వాత కర్ర, తర్వాత గోడ. వెనక్కి పోయిన రోజులూ ఉన్నాయి. పొద్దున్న వచ్చిన బలం మధ్యాహ్నానికి మాయమయ్యేది. అలాంటి రోజు నా గొంతు ముందు నాకే వినపడేది సన్నగా. అప్పుడు లేచేదాన్ని కాదు. మళ్ళ అనుకుని పడుకునేదాన్ని. ఓడిపోయినట్టు అనిపించేది కాదు. గనిలో ఎవరూ దాన్ని ఓటమి అనేవారు కాదు.

డిపోలో పెద్దసారు మంచివాడే. కుర్చీ పని ఇస్తాను, హాయిగా కూర్చోవచ్చు అన్నాడు. కూర్చోవడం నాకు బాగా వచ్చు సార్, ఏడాది నేర్చుకున్నాను, నాకు నిలబడే పనే కావాలి అన్నాను. ఆయన డాక్టర్ కాగితం తెమ్మన్నాడు. కాగితం కోసం కాదు గానీ, నాకు నేను రుజువు చేసుకోవాలి. వికారాబాదు పోయేటప్పుడు లక్ష్మి బస్సులో, ధారూరు దాటాక సీటు వదిలి లేచి నిలబడేదాన్ని. మొదట రెండు చేతులతో కడ్డీ, తర్వాత ఒక చెయ్యి, తర్వాత వేళ్ళు. అనంతగిరి మలుపుల్లో బస్సు ఒక పక్కకి వాలినప్పుడు లక్ష్మి టిక్కెట్లు ఆపి నావైపే చూసేది. యాదయ్య వెనక సీట్లో కూర్చుని చివరి పాదం కోసం ఎదురుచూసేవాడు. నేను నోట్లోనే చెప్పేదాన్ని. ఆయనకి ఎలా వినపడేదో గానీ, సరిగ్గా మలుపు దగ్గర జవాబు వచ్చేది.

ఇప్పుడు

మళ్ళీ డ్యూటీలో చేరాను. ముందు దగ్గరి రూటే వేశారు, తాండూరు నుంచి బషీరాబాదు. అరికాళ్ళలో తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు. అది ఉంటే ఉండనీ, టికెట్ లేకుండా ప్రయాణం చేసేవాళ్ళు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు.

చేరిన వారంలోనే, బషీరాబాదులో బస్సు తిరుగు ప్రయాణానికి సిద్ధంగా ఉంది. మెట్ల దగ్గర ఎవరో ఆగిపోయారు. వెనకున్నవాళ్ళు తెలుగులో కొందరు, కన్నడంలో కొందరు తొందరపెడుతున్నారు. చూస్తే అంజమ్మ వదిన. మోకాళ్ళ నొప్పులు ముదిరాయట, తాండూరులో డాక్టరుకి చూపించుకోవడానికి బయల్దేరింది. ఒక కాలు మెట్టు మీద పెట్టింది, రెండో కాలు నేల విడవడం లేదు. నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకుంది.

నా నోటికి ఎన్ని మాటలు వచ్చాయో చెప్పను. దీపావళి నుంచి దాచుకున్నవి. అన్నీ మింగేశాను. కడ్డీ పట్టుకోకుండా మెట్ల దాకా వచ్చి నిలబడి, ఆమెకి మాత్రమే వినపడేలా అన్నాను.

"బండ బరువు బండదైతె, మన బలము ఎవ్వరిదిర."

మా ఇంట్లో ఆ పద్యం గోల ఆమె చెవిన పడకుండా ఉండదు. యాదయ్య ఇప్పుడు బాగానే మాట్లాడుతున్నాడు. వదిన పెదవులు బిగించింది. నేను ఆగాను. జవాబు నేను చెప్పకూడదు.

"మళ్ళ," అన్నాను. మళ్ళీ మొదట్నుంచి చెప్పాను, నాలుగు పాదాలూ. డ్రైవరు హారన్ కొట్టాడు. కొట్టుకోనీ అన్నాను.

వదిన నా మొహం వైపు చూడలేదు, నా కాళ్ళవైపు చూసింది. బస్సు ఇంజన్‌కి ఊగుతున్న పలక మీద అవి నిలబడి ఉన్నాయి.

"మనదే గాని," అంది చివరికి, కళ్ళు తుడుచుకుంటూ, "ముందుగాల చెయ్యి ఇయ్యి."

రెండు చేతులూ ఇచ్చాను. వదిన పైకి వచ్చాక సీటు చూపించి, టికెట్ కొట్టి చేతిలో పెట్టి, రైట్ అన్నాను.